నలుగురు ముఖలింగాలు, ఒక సంతకం

పోయిన శుక్రవారం పొద్దున్న, బడిలో ప్రార్థన గంట కొట్టబోతుండగా, మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక వాక్యం వచ్చింది. మండలంలో పదేళ్లకు పైగా పనిచేసి రిటైరైన మా విద్యాశాఖాధికారి గారు తెల్లవారుజామున గుండెపోటుతో పోయారని. దాని కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. పది నిమిషాల్లో అరవై దాటాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ అరవైమందిలో సగంమంది ఆయన రిటైరయ్యాక ఒక్కసారైనా ఆ ఇంటి గడప తొక్కలేదు. ఫోను బల్ల మీద విసిరికొట్టి, పిల్లల చేత ప్రార్థన చేయించి, రెండో తరగతి వాళ్లకు ఎక్కం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. వాళ్ల మీద నాకేం కోపం? నేను చెప్పాల్సిన మాట ఒకటి ఆయన బతికుండగా చెప్పలేదు. ఆ మంట ఎక్కడ చూపించుకోవాలో తెలియక ఫోను మీద చూపించాను.

ఆ మాట ఇక్కడ రాయబోతున్నాను. రాసేముందు మీకు మా సారెవరో తెలియాలి.

ఆయనకు అవార్డులు లేవు. సన్మానాలంటే పారిపోయేవారు. బక్కపలచటి మనిషి, మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా. ఎప్పుడూ జేబులో రెండు మూడు సుద్దముక్కలుండేవి, అందుకని ఆ జేబు అడుగెప్పుడూ తెల్లగా పొడిపొడిగా ఉండేది. పదకొండు గంటలకు స్టీలు గ్లాసులో చోడి అంబలి, అంటే రాగి జావ, పోసుకుని, ఉల్లిపాయ నంజుకుని తాగేవారు. ఎదురుగా ఎంత పెద్దమనిషి కూర్చున్నా సరే, ముందు ఆయనకో గ్లాసు పోసేవారు. నేను విజయనగరంలో కిరాణా కొట్టు వెనక ఇంట్లో పెరిగినదాన్ని. చోళ్లు మా నాన్న బస్తాల్లో చూడటమే గాని తాగి ఎరగను. మొదటిరోజు ఆ బురద రంగు చూసి, ఉపవాసమని అబద్ధమాడాను. మర్నాడూ పోశారు. "ఇయాలేటమ్మా, ఇయాల కూడా ఉపాసమేనా?" అన్నారు నవ్వకుండా. తాగాను. ఇప్పుడు రోజూ తాగుతున్నాను.

అప్పటికి నా ఉద్యోగానికి రెండేళ్లు. కంప్యూటరు వచ్చు కదా అని నన్ను బడి నుంచి తీసి మండల కార్యాలయంలో ఆయన దగ్గర వేశారు. మండలంలో ఏ బడిలో ఎంతమంది, ఎన్ని గదులు, ఎందరు టీచర్లు, అన్నీ నేనే ఎక్కించేదాన్ని. ఆ రోజుల్లో మా ఆఫీసుకు ఒకటే తలనొప్పి. ప్రైవేటు బడుల ఫీజులు కట్టలేక రైతులు పిల్లల్ని మళ్లీ సర్కారు బడికి తెస్తున్నారు. అది సంతోషమే. మరోపక్క చిన్న బడులు మూసి, ఆ పిల్లల్నీ మండల కేంద్రంలోని హైస్కూలుకే తోలమని పైనుంచి ఉత్తర్వులు. హైస్కూలు కట్టింది ఎప్పుడో, ఎంతమందికో. ఇప్పుడు అందులో అంతకు రెట్టింపు పిల్లలు. సైన్సు ల్యాబులో ఆరో తరగతి, వరండాలో ఏడో తరగతి, సభలు పెట్టుకునే స్టేజీ మీద మూడో తరగతి.

గదికి ఎంతమంది పడతారో లెక్కకట్టడానికి పైనుంచి ఒక సూత్రం వచ్చేది. పిల్లవాడికి ఇన్ని చదరపుటడుగులు అని. సారు ఆ కాగితం శ్రద్ధగా చదివి, మడిచి జేబులో పెట్టుకుని, గదిలోకి పిల్లల్ని సంచులతో సహా పంపేవారు. వరసలు వరసలుగా కూర్చోబెట్టి, ఆఖరి వరసలో తనూ బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. నన్ను బోర్డు మీద ఏదో ఒకటి రాయమని, అక్కణ్ణుంచి చదివేవారు. చదవలేకపోతే ఒక వరస లేపించేవారు. అప్పుడు సుద్దముక్క తీసి గుమ్మం పక్కన గోడ మీద ఒక అంకె వేసేవారు. ఆ గది లెక్క అది. నాకు ఇదంతా చాదస్తంగా ఉండేది. పొడవును వెడల్పుతో గుణిస్తే రెండు నిమిషాల పని కదా అని ఒకసారి అనేశాను.

"గదిని గోడలతో కొలవకమ్మా, సంచులతో కొలు," అన్నారు. "పిల్లడు సర్దుకుంటాడు, ఆడి సంచీ సర్దుకోదు."

బడి మూసే కాగితం దగ్గరా అంతే. సంతకం పెట్టేముందు తనే ఆ ఊరు వెళ్లి తలలు లెక్కపెట్టుకుని రావాల్సిందే. ఒక్కసారి మాత్రం వెళ్లలేదు. ఆ ఒక్కసారీ నన్ను పంపారు.

వంశధార నదిలో కలిసే ఒక గెడ్డ, చిన్నపాటి వాగు, ఉంది మా మండలంలో. అవతల ముప్పై నలభై గడపల ఊరు, అందరూ వరి పండించుకునేవాళ్లు, అందరిదీ ఒకటే ఇంటిపేరు. అక్కడొక ఒంటి గది బడి. సారు ఓనమాలు దిద్దింది అందులోనే. తల్లి చిన్నప్పుడే పోతే, ఆ ఊళ్లో ఇచ్చిన మేనత్త తెచ్చుకుని ఐదో తరగతి దాకా పెంచింది. ఆ సంవత్సరం పైనుంచి వచ్చిన గీత ఇరవై. ఇరవైకి తగ్గితే బడి మూత. ఆ బడి పట్టికలో ఇరవైరెండు పేర్లున్నాయి. అందులో ముఖలింగం అనే పేరు నాలుగుసార్లు ఉంది. ఇంటిపేరు ఒకటే. తండ్రి పేరు బదులు పొడి అక్షరం వేశారు, నాలుగింటికీ 'అ'. తరగతులు మాత్రం వేరువేరు.

నేను నవ్వుకున్నాను. బడి నిలబెట్టుకోవడానికి కొందరు పంతుళ్లు ఒకే పిల్లాణ్ణి రెండు మూడు తరగతుల్లో ఎక్కించడం నాకు తెలుసు. దొరికావులే అనుకున్నాను. సారుకు చెబితే, ఆయనకు ఆ వేళ ఊపిరి సలపడం లేదు. హైస్కూల్లో ఒక గది పైకప్పు పెచ్చులూడింది, రెండు తరగతుల్ని ఎక్కడ కుక్కాలో చూస్తున్నారు. సాయంత్రానికి పట్టిక పంపకపోతే గడువు దాటిపోతుంది. "ఒక్కసారి ఊరెల్లి సూసి రామ్మా, నీకు కనపడిందే రాద్దాం," అన్నారు.

నేను వెళ్లలేదు. జూన్ ఎండ, గెడ్డ దాకా ఆటో రాదు, కొత్త చెప్పులు. అక్కడి పంతులుగారికి ఫోను చేస్తే సిగ్నల్ లేదు. మూడుసార్లు చేసి ఊరుకున్నాను. సాయంత్రం సారు "సూసేవా?" అని అడిగితే, "చూశానండి, ఒక్కడే ముఖలింగం," అన్నాను. మూడు పేర్లు కొట్టేశాను. ఇరవైరెండు పందొమ్మిదైంది. ఆయన సంతకం పెట్టారు. పెట్టేముందు పెన్ను కాసేపు అలాగే పట్టుకున్నారు. అది నాకు బాగా గుర్తు.

బడికి తాళం పడింది. ఆ పిల్లలు హైస్కూలుకు వచ్చిన మొదటిరోజు సారు గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కణ్ణీ పేరు అడిగి లోపలికి పంపుతున్నారు. పక్కన రిజిస్టరుతో నేను. ముందొచ్చిన పిల్లాడు ముఖలింగం అన్నాడు. సారు వాడి తల నిమిరి పంపారు. వాడి వెనకవాడూ ముఖలింగం అన్నాడు. వాడి వెనక ఇంకొకడు, జారిపోతున్న నిక్కరు పట్టుకుని, అదే పేరు చెప్పాడు. నాలుగోవాడూ అదే చెప్పాడు. నలుగురివీ నాలుగు మొహాలు, నాలుగు ఎత్తులు. అన్నదమ్ముల బిడ్డలు. తాత పోయాక నలుగురు కొడుకులూ మొదటి మగపిల్లాడికి ఆయన పేరే పెట్టుకున్నారు. అప్పన్న, అప్పారావు, అప్పలస్వామి, అప్పలనాయుడు. నాలుగు 'అ'లు. మా వైపు ఊళ్లలో ఎవర్నడిగినా చెప్పే సంగతే ఇది. టౌనులో పెరిగిన నాకు తట్టలేదు.

సారు నా వంక చూశారు, అంతే. పిల్లలందర్నీ కూర్చోబెట్టాక వరండాలోకి పిలిచారు.

"ఎల్లలేదు కదూ?"

"లేదండి."

నేను ఏడుస్తున్నాను. ఉద్యోగం పోతుందని భయం, నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో పిల్లల మీద జాలి కంటే అదే ఎక్కువ. 

"సరే. సంతకం నాది," అన్నారు. "నువ్వు ఉజ్జోగానికి కొత్త. తిడితే నన్ను తిట్టనీ."

తిట్టారు మరి ఆ ఊరివాళ్లు. మూడేళ్లు తిట్టారు. జరిగిన పొరపాటు మర్నాడే పైకి రాశారు సారు. పొరపాటు తనదేనని రాశారు, నా పేరు ఎక్కడా లేదు. మూసిన బడి కాగితం మీద మూసినంత సులువుగా తెరుచుకోదని నాకప్పుడు తెలిసింది. అటునుంచి వివరణ అడుగుతారు, ఇటునుంచి ఇస్తాం, ఆ బల్ల వెనక మనిషి మారతాడు, మళ్లీ మొదటికొస్తుంది. ఆ ఊరి పెళ్లిళ్లకు సారు కుటుంబానికి పిలుపు ఆగిపోయింది. మేనత్త అయితే, ఆ పిల్లణ్ణి పెంచిన సంగతే మర్చిపోయానని చెప్పి పంపింది. 

వానాకాలంలో గెడ్డ పొంగే రోజుల్లో సారు హైస్కూలుకు ఫోను చేసి ఆ పిల్లల్ని గంట ముందే వదిలిపెట్టించేవారు. గొడుగేసుకుని గెడ్డ ఒడ్డుకు వెళ్లి, చివరి పిల్లాడు అవతలికి చేరిందాకా నిలబడేవారు. ఒకసారి నేనూ వెళ్లాను. మోకాలిలోతు ఎర్రనీళ్లు. పిల్లలు చెప్పులు సంచుల్లో పెట్టుకుని, సంచులు నెత్తిన పెట్టుకుని దాటుతున్నారు. అవతలి ఒడ్డు మీద వాళ్లకోసం వచ్చిన ఆడవాళ్లలో మేనత్త ఉంది. మనవడి తల తుడుస్తూ, ఇటు తిరిగి, గెడ్డ హోరు మీంచి వినపడేలా అంది.

"నా సేతి కూడు తిన్నోడే నా ఊరి బడి మూసీసినాడు. ఆడి కడుపు సల్లగుండదు!"

నేనప్పుడు అరవొచ్చు. అది నేను చేసిన పని అని ఒక్క కేక వేస్తే సరిపోయేది, గెడ్డ ఏమంత వెడల్పు కాదు. అరవలేదు. సారు గొడుగు నా వైపు వంచి, "నీకేటి, పదమ్మా, తడిసిపోతన్నావు," అన్నారు. దారంతా హైస్కూలు గదుల గురించే మాట్లాడారు.

చివరికి ఆ గదుల మీదుగానే దారి దొరికింది. పొరపాటు జరిగిందంటే ఎవరూ వినలేదు గాని, చోటు లేదంటే వినక తప్పలేదు. ఏటా జూన్‌లో పిల్లలు పెరుగుతూనే ఉన్నారు. మూడో ఏడు జిల్లా నుంచి పెద్దాఫీసరు ఒకాయన తనిఖీకి వచ్చారు. సారు ఆయన్ని ఆరో తరగతి గదిలోకి తీసుకెళ్లి, ఆఖరి వరస పిల్లల నోటు పుస్తకాలు చూడండి సార్ అన్నారు. ఆయన బయల్దేరారు. రెండో వరస దాటారు. మూడో వరస దగ్గర సంచుల మధ్య ఒక కాలు ఆనించి, రెండో కాలు గాలిలో పెట్టుకుని ఆగిపోయారు. ముందుకు లేదు, వెనక్కీ లేదు. పిల్లలు కిసుక్కున నవ్వుతున్నారు.

"ఆ కాలు ఎక్కడ పెట్టాలో మీరే సెప్పండి సార్," అన్నారు మా సారు ఎంతో వినయంగా. "గెడ్డ అవతల ఒక గది ఖాళీగా ఉన్నాది. ఆ పిల్లల్ని ఆల బడికి పంపిస్తే ఇక్కడ కాలికి సోటు దొరుకుతాది."

బడి తెరవమని రాసిన ఫైలు సారు చంకలోనే ఉంది. ఆ ఆఫీసరు మంచివాడు, నవ్వేశాడు. ఆ జూన్ దాటకుండానే బడి తిరిగి తెరవమని ఉత్తర్వు వచ్చింది. తెరిచినరోజు ఊరివాళ్లు ఒక నాయకుడికి దండవేశారు, ఆయనే తెప్పించాడనుకుని. ఆయనా వేయించుకున్నాడు. సారు బడి వెనక కిటికీ పక్కన నిలబడి, లోపల సున్నం సరిగ్గా వేశారో లేదో చూసుకుంటున్నారు. ఎవరూ ఆయనకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. మరుసటి నెల రిటైరయ్యారు.

రెండేళ్ల కిందట బదిలీల్లో నేను ఆ బడినే కోరుకున్నాను. ఎందుకమ్మా ఆ మూల అని అందరూ అడిగారు. వెళ్లిన వారంలోనే అరిటిపళ్లు పట్టుకుని సారు ఇంటికి వెళ్లాను. ఆ ఊళ్లో అందరి ముందూ నిజం చెప్పేస్తానన్నాను. ఆయన పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నారు. నేనెప్పుడూ ఆయన గొంతులో కోపం వినలేదు, ఆ రోజు విన్నాను.

"సెప్పి ఏటి సేస్తావు? ఆలు నిన్ను నమ్మి పిల్లల్ని పంపుతన్నారు. నువ్వు సెప్పుకుంటే నీ మనసు కుదుటపడతాది, ఆల నమ్మకం పోతాది. ముందు బడి నిలబెట్టు. నాను పోయాక నీ ఇష్టం."

నేను ఊపిరి పీల్చుకున్నాను. అదే నా సిగ్గు. ఆయన మాట కాదనలేక ఊరుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను గాని, ఊరుకోవడానికి నాకొక సాకు ఇచ్చినందుకు లోలోపల ఎంత హాయిగా ఉందో నాకే తెలుసు. రెండేళ్లు ఆ ఊరి ఇళ్లలో అన్నం తిన్నాను. నా ఎదుటే ఆయన్ని తిడుతుంటే తలవంచుకుని తిన్నాను. బడి మాత్రం నిలబెట్టాను. ఇప్పుడు ముప్పైఒక్కమంది.

శుక్రవారం కబురు మధ్యాహ్నానికి గెడ్డ దాటి వచ్చింది. మావైపు చావు కబురు అందితే బంధువులు ఉన్నపాటున వెళ్లి తలమీదుగా స్నానం చేస్తారు. ఎంత దూరపు చుట్టమైనా సరే, ఎంత జ్వరమైనా సరే. ఆ ఊళ్లో ఒక్కరూ చేయలేదు. మేనత్త అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. పక్కింటావిడ చెబితే, "పోతే పోనాడు, మనకేటి," అని ఇంకో కాయ అందుకుంది. బడి కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. ఆయన తిట్లు తిన్నది నాకోసం. ఇప్పుడు ఆ స్నానం కూడా దక్కకుండా పోతోంది. శనివారం చెబుదామనుకుని చెప్పలేదు. ఆదివారం ఇంట్లో నిద్ర లేదు, తిండి లేదు. సోమవారం పిల్లల్ని చూసి మళ్లీ వెనకాడాను.

మంగళవారం బడి వదిలాక ఆ అరుగు దగ్గరికే వెళ్లాను. మేనత్త ఉంది, ఇద్దరు కోడళ్లున్నారు, ఎదురింటివాళ్లున్నారు. కూర్చోమన్నారు. నిలబడే చెప్పాను. పేర్లు కొట్టేసింది నేనని, చూడకుండానే చూశానన్నానని, ఆయన సంతకం పెట్టింది నా మాట నమ్మి అని, తిరిగి తెరిపించింది ఆ దండ వేయించుకున్నాయన కాదు, సారేనని. రేపట్నుంచి పిల్లల్ని పంపుతారో మానుతారో మీ ఇష్టం అని కూడా చెప్పాను. ఒక కోడలు లేచి లోపలికి వెళ్లిపోయింది. ఇంకొకామె నా మొహాన ఏదో అనబోతే ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఎనభై దాటిన మనిషి, కళ్లు సరిగా ఆనవు. నా గొంతు ఉన్న వైపు మొహం తిప్పింది.

"ఒడ్డు మీద ఆడి పక్కన గొడుగులో నిలబడింది నువ్వేనేటి?"

"నేనే, అత్తా."

"నాను తిట్టినవన్నీ ఆడికి ఇనపడ్డాయా?"

"వినపడ్డాయి."

ఆమె ఒళ్లోని చింతపండు దులుపుకుని లేచింది. గోడ పట్టుకుని మెట్లు దిగింది. ఎక్కడికత్తా అని కోడలు అడిగితే, "నాను ఇంకా తానం సెయ్యలేదే," అంది. అదొక్కటే అంది. మేం వెనకాలే వెళ్లాం. పొద్దంతా కాసిన ఎండకు గెడ్డ నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఆమె కట్టుచీరతోనే నడుంలోతుకు దిగి, ముక్కు పట్టుకుని మునిగింది. లేచి, ఆయన్ని చిన్నప్పుడు పిలిచిన పేరేదో పిలిచింది. అది నేనిక్కడ రాయను. మళ్లీ మునిగింది. కోడళ్లు దిగారు. ఎదురింటివాళ్లు దిగారు. ఇళ్లలోంచి ఒక్కొక్కరే వచ్చి, ఏం జరిగిందో పక్కవాళ్లనడిగి తెలుసుకుని నీళ్లలోకి నడిచారు. నేను ఆ ఇంటి మనిషిని కాను, నాకు దిగే వరస లేదు. ఎవరో ఇంట్లోంచి ముసలమ్మకని పొడిచీర ఒకటి తెచ్చి నా చేతుల్లో పెట్టి వాళ్లూ దిగిపోయారు. ఆమె బయటికి వచ్చేదాకా దాన్ని తడవకుండా పైకెత్తి పట్టుకుని ఒడ్డున నిలబడ్డాను.